నాలుగో కాలమ్

గడిల గుర్రానికి కడుపునొప్పి లేచిన రోజు
సైకిల్ మీద వచ్చిండు బాలలింగం.
మక్తల్ సాలోళ్ళ పిల్లగాడు,
కల్వకుర్తి పశువుల దవాఖానల కంపౌండరు.
ఆముదం తాగించి
రాత్రంతా దాన్ని నడిపించిండు.
తెల్లారి గుర్రం నీళ్ళు తాగింది.
నేను మేడమీది జాలీ కిటికీలకెల్లి చూస్తున్న.
అంతే. అంతకన్న కత లేదు.

మూడో నెల నేను గడప దాటితే
నాయిన ఏడ్వలే, తిట్టలే.
కచేరీల కూసోని
గుర్రాన్ని అమ్ముమన్నడు.
పదకొండో రోజు నా పేర పిండం పెట్టించిండు.
మా ముకుందుకు అప్పుడు పద్నాలుగేండ్లు.
గుండు చేయించుకోనని గోల చేసిండట.
చేయించిన్రు.
ఇదంతా చాకలి అంతమ్మ చెప్పింది,
చీకట్ల, మా వాకిట్లకు రాకుండ, బయట నిలబడి.

తొమ్మిదేండ్లకు సీలింగొచ్చింది.
దొరలు రాత్రికి రాత్రి కాయితాలు రాసిన్రు.
జీతగాళ్ళ పేర, చచ్చిన మేనత్తల పేర,
పుట్టని మనుమల పేర
చెలకలు పంచిన్రు.
అప్పుడు నాయిన
నన్ను బతికించిండు.

పిండం తిన్న నేను
పహాణీల లేచి కూసున్న.
సర్వే నంబరు నూట పద్నాలుగు.
పదకొండెకరాల ఇరవై గుంటలు. ఎర్రచెలక.
నాలుగో కాలమ్ల నాయిన చేతిరాత:
చూడామణి, బిడ్డ.

పట్వారి శిస్తు రసీదు పట్టుకొస్తే తెలిసింది.
"నాకు భూమేంది?" అన్న.
"మీకు కాదమ్మా, మీ పేరుకు" అన్నడు.

బాలలింగం దాన్ని దీపం కాడ మూడుసార్లు చదివి
నవ్విండు. తర్వాత నవ్వలే.
ఒక ఆదివారం సైకిల్ వెనక కూసోబెట్టుకొని
దుందుభి దాటించి చూపించిండు.
ఆముదం చెట్లు, నడుమ ఒక గుండు,
గుండు మీద ఎవరిదో ఆరేసిన ధోవతి.
దున్నేటోడు తువ్వాల తీసి
"దొరసానీ" అన్నడు.
నా వెనక ఎవరున్నరా అని తిరిగి చూసిన.

నాయిన పోయినప్పుడు కబురు రాలే.
నేను బతికున్నది కాయితం మీదనే గదా.
కాయితాన్ని ఏడ్వమంటే ఏడుస్తదా.

మొన్న ఎండకాలం ముకుందు వచ్చిండు.
కారు మూలమలుపు కాడనే ఆగింది,
నడిచొచ్చింది వకీలు.
గడి అమ్ముడుపోతున్నదట.
అన్నదమ్ముల నడుమ మూడు కేసులట.
వాటన్నిట్ల నా దస్కతొక్కటే అడ్డమట.

రిజిస్ట్రాఫీసుల ఒక్కటే బెంచీ.
మా ఇద్దరి నడుమ ఒక మనిషి పట్టే జాగ.
తమ్ముని తలమీద వెంట్రుకలు లేవు.
నా పేర ఒకసారి పోయినయి,
మొలిచి, ఇప్పుడు వాటంతట అవే రాలినయి.

"బాలలింగం భార్య" అని రాసిన.
వకీలు గీత కొట్టిండు.
"కూతురని రాయాలె, రికార్డు కలవాలె."
బాలలింగం ఉంటే నవ్వేటోడు.

సబ్ రిజిస్ట్రారు చిన్నపిల్ల, నోట్ల సోంపు.
తలెత్తకుండ అడిగింది:
"ఈమె మీకేమైతది?"

ఫ్యాను తిరిగింది.
వకీలు దగ్గిండు.
ముకుందు గోడమీది క్యాలెండరు దిక్కు చూసుకుంట
"అక్క" అన్నడు.

నాతోని కాదు, ఆ పిల్లతోని.
అయినా అన్నడు.

నేను కలానికి మూత పెట్టిన.
"అద్దాలు మర్చిపోయిన" అన్న.
అద్దాలు సంచిల ఉన్నయి, తమలపాకుల కింద.

బుధవారం రమ్మన్నది ఆ పిల్ల.
వకీలు పండ్లు కొరికిండు.
ముకుందు ఏమనలే. సంచి దిక్కు చూసిండు,
అద్దాల కొస బయటికి కనబడుతున్నదేమో.

వచ్చే బుధవారం ఆధార్ మరుస్తనేమో.
ఆ పై బుధవారం మోకాలు నొప్పి లేస్తదేమో.
పోయినప్పుడల్లా ఆమె అడగాలె,
వాడు చెప్పాలె.

ఎకరానికి నలభై గుంటలు.
గుంటకొక్కసారి అన్నా
నాలుగొందల అరవై బుధవారాలు.
నాకంత ఆయుష్షు లేదు.
వానికీ లేదు.